పెరటి కింది నీళ్ళు

మే నెలాఖరులో ఒక ఆదివారం పొద్దున నేను చిక్కుడు గింజలు కడుగుతుంటే కుళాయి దగ్గింది. ఖళ్ళుఖళ్ళుమని రెండుసార్లు దగ్గి, చారెడు ఇసుకనీళ్ళు కక్కి, ఆగిపోయింది.

"అపా! కుళాయి రావడం లేదు!" అని కిటికీలోంచి నాన్నని కేకేశాను.

పెరట్లో మిరప సాళ్ళ మధ్య ఒంగుని ఉన్న మా నాన్న తలెత్తలేదు. "మోటారు వేడెక్కి ఉంటుంది. కాసేపు ఊపిరి తీసుకోనీ" అన్నాడు.

మధ్యాహ్నం దాకా ఊపిరి తీసుకున్నా మోటారు ఉత్త గాలే తోడింది. అప్పుడు నాన్న బోరు మూత విప్పి, నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చూడ్డానికి పురికొసకి ఇనుప మరమేకు కట్టి గొట్టంలోకి వదిలాడు. నా కూతురు ఇట్సెల్ ఆయన మోకాళ్ళ మధ్య దూరి, గొట్టం మీదికి ఒంగి చూస్తోంది. తాడు చివరంటా దిగింది. పైకి లాగితే మర పొడిగా ఉంది, దానికి కాస్త మట్టి అంటుకుని ఉంది.

"చేప పడిందా తాతా?" అంది ఇట్సెల్.

"లేదు తల్లీ. చేపలన్నీ ఊరెళ్ళాయి."

"ఎప్పుడొస్తాయి?"

నాన్న మరని చొక్కాకి తుడిచి జేబులో వేసుకున్నాడు. "వానొస్తే వస్తాయి" అన్నాడు.

సరైన వాన పడి అప్పటికి మూడేళ్ళు కావస్తోంది. శాన్ వాకీన్ లోయలో మా వాడకి ఊరి కుళాయిల్లేవు, ఎవరి బోరు వాళ్ళదే. ఆ వారం ఎండిపోయింది మా ఒక్కరిదే కాదు. వీధి ఆ చివర నుంచి ఒక్కో ఇల్లే ఎండుకుంటూ మా దాకా వచ్చింది.

అమ్మ పోయాక మేం ఇంట్లో నలుగురం. నాన్న ఇలారియో నలభయ్యేళ్ళు నిచ్చెనలెక్కి నారింజలు కోసి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. నా పేరు యులాలియా, అందరికీ లాల. అదే నారింజల్ని షెడ్డులో పెట్టెలకెత్తే పని నాది. నా తమ్ముడు నికానోర్ ఆ వసంతంలోనే బోరు బండి మీద పనికి కుదిరాడు. ఇక ఇట్సెల్, అయిదేళ్ళది, ఆగస్టులో బడిలో చేరాల్సిన పిల్ల. దాని తండ్రికి ఈ కథలో చోటు లేదు, మా ఇంట్లోనూ లేదు.

తోట మాత్రం ఇట్సెల్‌దే. నాటేది, తవ్వేది నాన్న. అనుభవించేది అది. నిద్రలేచిన దగ్గర్నుంచి అక్కడే. గుమ్మడి ఆకుల కింద దూరి పడుకునేది. ఎండుపొరని చొక్కాలా తొడుక్కునే మా పచ్చ టమాటాలకి గుండీలు విప్పి, లోపల కాయ ఎంతయిందో చూసి, మళ్ళీ ముడిచేది. వేసవిలో బడికి తయారుచేసే తరగతులకి కొన్నాళ్ళు పంపిస్తే ఇంగ్లీషు ముక్కలు నేర్చుకొచ్చింది. ఆ ముక్కలన్నీ తెచ్చి మొక్కలకి అప్పజెప్పింది. "నీ ముద్దుపేరు మైస్. నీ బడిపేరు కార్న్. ఎవరైనా అడిగితే రెండూ చెప్పాలి, సరేనా?" అని మొక్కజొన్న కర్ర పట్టుకుని బెదిరించేది. తాతకి స్పానిష్ తప్ప రాదు కాబట్టి ఆయనకీ పాఠం చెప్పేది. ఆయన నోరు తిరగక "కారన్" అంటే, కంచె అవతల నుంచి పక్కింటి దోన్యా చాయో పగలబడి నవ్వేది.

"నలభయ్యేళ్ళుగా ఈ దేశంలో ఉండి ఒక్క ముక్క నేర్చుకోలేదు మీరు. చివరికి ఈ బుడ్డిది మేష్టరయింది!"

"నాతో నారింజచెట్లు స్పానిష్‌లోనే మాట్లాడాయి దోన్యా చాయో. నాదేం తప్పు?"

చాయో ఒంటరి మనిషి. అసలు పేరు రోసారియో, దోన్యా అన్నది మర్యాదకి తగిలించే మాట. ఆవిడ బోరు మాదాని కంటే కాస్త లోతు, అందుకని ఇంకా ఆడుతోంది. మా కుళాయి ఆగిన రెండో రోజే, అడక్కుండానే, కంచె మీంచి రబ్బరు గొట్టం ఇటు పడేసింది. "పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు పట్టుకోండి. ఎక్కువ లాగితే నా మోటారు అలుగుతుంది" అంది.

తాగడానికి కౌంటీ ఆఫీసు వాళ్ళు సీసాల నీళ్ళు పంచారు. చాయో నీళ్ళు వంటకీ స్నానాలకీ సరిపోయేవి. తోటకేం మిగల్లేదు. అప్పుడు నాన్న ఒక ఉపాయం చేశాడు. ఇట్సెల్ స్నానం తొట్టిని తీసుకెళ్ళి సరాసరి మొక్కల మధ్య పెట్టాడు. రోజుకొక సాలులో స్నానం. అయ్యాక తొట్టి ఒంచెయ్యడమే.

"ఇవాళ మిరపకాయల వంతు!" అని అది బట్టలిప్పుకుని పరిగెత్తేది. నురగ మూతికి పూసుకుని, కాళ్ళతో నీళ్ళు చిందించి, "తాగండి, తాగండి, మొహమాటపడకండి" అని మొక్కలకి మర్యాదలు చేసేది. నాన్న చిప్పతో దాని నెత్తిన పోసేవాడు. ఒక్క చుక్క సాలు బయట పడనిచ్చేవాడు కాదు. జూన్ నెలంతా అలా గడిచింది. ఆ నెలలో మేం కష్టపడ్డామంటే ఇవాళ ఇట్సెల్ ఒప్పుకోదు.

జులై మొదట్లో నికానోర్ బండి మా వీధి వెనక బాదం తోటలోకి వచ్చింది. ఆ తోట మొన్నమొన్న వేసింది, మొక్కలింకా మోకాలెత్తే. మా పెరట్లోంచి చూస్తే బండి మీది ఇనుప గోపురం కనపడేది, దాని చప్పుడికి వంటింట్లో గిన్నెలు అదిరేవి. ఇట్సెల్‌ది ఒకటే గోల. మామ గోపురం చూడాలి.

ఒకరోజు నాకు షెడ్డులో సెలవిచ్చారు. తోర్తిల్లా రొట్టెల్లో గుడ్లూ మిరపకాయలూ చుట్టి, తమ్ముడికి భోజనం తీసుకుని ముగ్గురం నడిచి వెళ్ళాం. మేం వెళ్ళేసరికి వాళ్ళు నీళ్ళు పడ్డాయో లేదో తేల్చుకోడానికి మోటారు దింపి తోడుతున్నారు. మనిషి నడుమంత లావు గొట్టం. అందులోంచి మొదట బురద, తర్వాత బూడిదనీళ్ళు, తర్వాత తేటనీళ్ళు. అలా ఆగకుండా కాలవలోకి దూకుతున్నాయి. అన్ని నీళ్ళు ఒక్కచోట చూసి మాకెంత కాలమయిందో. ఇట్సెల్ కెవ్వున అరిచి, చెప్పులు విసిరేసి కాలవలోకి ఉరికింది.

నికానోర్ ఒళ్ళంతా బురదతో, పళ్ళు మాత్రం తెల్లగా మెరుస్తూ ఎదురొచ్చాడు. "చూశారా అపా! ఎలా ఉరుకుతున్నాయో!"

నాన్న టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఒంగి దోసిట్లోకి నీళ్ళు పట్టి, కొంచెం నోట్లో పోసుకున్నాడు.

"చల్లగా ఉన్నాయి" అన్నాడు. తర్వాత, "ఎంత లోతు?"

"వెయ్యి అడుగులు దాటాం అపా. ఈ చుట్టుపక్కల ఇంత లోతు ఎవరూ..." అంటూనే నికానోర్ ఆగిపోయాడు. నాన్న వెనక్కి తిరిగి మా వీధి వైపు చూస్తున్నాడు. అక్కణ్ణుంచి మా పెరటి పీచ్ చెట్టు కొస కనపడుతోంది. మా బోరు అరవై అడుగులని మా ఇంట్లో అందరికీ తెలుసు.

"మంచి నీళ్ళు" అన్నాడు నాన్న. "తిను. చల్లారిపోతోంది."

వచ్చేటప్పుడు తడిసిన పాదాలకి మట్టి అంటుకుంటోందని ఇట్సెల్ ఏడిస్తే, నాన్న ఆ అరిగిన మోకాళ్ళతోనే దాన్ని ఎత్తుకుని నడిచాడు.

ఆ సాయంత్రం నికానోర్ ట్రక్కులో ఆ బోరు నీళ్ళే రెండు పీపాలు వేసుకొచ్చాడు. అడిగే తెచ్చుకున్నాడు, దొంగతనమేం కాదు. పీపా దొర్లించి తోట వైపు తిప్పుతుంటే నాన్న గడపలోంచి అన్నాడు.

"అవి లోపల వాడుకోండి. తోటకి వద్దు."

"ఎందుకు అపా? మొక్కజొన్న తల వాల్చేసింది చూడండి."

"దూరాన్నుంచి వచ్చిన నీళ్ళు. మొక్కలకి పడవు."

నికానోర్ పీపాని వంటింటి గుమ్మం దగ్గరికి దొర్లించాడు. నేను చెంబు తీసుకుని బయటికి వెళ్ళేసరికి ట్రక్కుకి ఆనుకుని నిలబడి సిగరెట్టు కాలుస్తున్నాడు. మామూలుగా నాన్న చూసే చోట కాల్చడు.

"నేను మానేస్తే నా జాగాలో రేపు ఇంకొకడు ఎక్కుతాడు లాలా. గొట్టం దిగడం ఆగుతుందా?"

"నిన్నెవరైనా మానెయ్యమన్నారా?"

"అనలేదు. అంటే బాగుణ్ణు." సిగరెట్టు నేలకేసి నలిపాడు. "మన ఇంటికి బోరు కావాలని పేరిచ్చాను. బయటివాళ్ళయితే రెండేళ్ళు ఆగాలి. నేను పనివాణ్ణి కాబట్టి శీతాకాలం లోపల మన పెరట్లోకి బండి తెస్తానని మా పెద్దాయన మాటిచ్చాడు. మూడొందల అడుగులు వేస్తే చాలు. అందుకే కదా ఈ బురదలో పడి చస్తున్నది."

"మరి అపాకి చెప్పవేం?"

"చెప్తాను. ఆయన నా మొహం చూడనీ ముందు."

జులై సగమయ్యాక నాన్న తోటని కొంచెం కొంచెంగా వదులుకున్నాడు. ముందు మొక్కజొన్న. ఇంకా పాలు పట్టని కండెలతోనే కర్రలు కోసి చాయో మేకలకి వేశాడు. తర్వాత గుమ్మడి. తర్వాత పచ్చ టమాటాలు. ఒక సాలు వదిలే ముందు రోజు ఇట్సెల్‌ని పక్కన కూచోబెట్టుకుని, "వీళ్ళకి ఇంక నీళ్ళు ఇవ్వలేం తల్లీ" అని చెప్పేవాడు. దానికి ఏడుపొచ్చేది కాదు, కోపమొచ్చేది. "మరి పీచ్ చెట్టుకెందుకిస్తున్నావు? అది లావుగా ఉందిగా, అది ఆగొచ్చుగా!" అనేది. చివరికి మిగిలింది ఒక మిరప సాలు, ఆ చెట్టు, నీళ్ళడగని నాగజెముడు దొంతర.

ఆగస్టులో ఒక ఆదివారం భోజనాల దగ్గర నికానోర్ బోరు సంగతి బయటపెట్టాడు. నాన్న తోర్తిల్లా తుంపుతూ విన్నాడు.

"వద్దు" అన్నాడు.

"అపా, జనం ఈ వంతు కోసం కాళ్ళు పట్టుకుంటున్నారు!"

"అయితే ఇంకొకళ్ళకివ్వు. చాయోగారి బోరు మనకంటే ఒక్క నిచ్చెన లోతు, అంతేగా. పక్కనే మనం మూడొందలకి దిగితే ఆవిడకేం మిగులుతుంది?"

"భూమి లోపల నీళ్ళు అలా కంచెలు కట్టుకుని ఉండవు. ఇదావిడది, ఇది మనదీ అని గీత గీసి ఉండదు."

"గీత లేదనేగా నేననేది."

నికానోర్ కుర్చీ వెనక్కి తోసి లేచి వెళ్ళిపోయాడు. నేను కంచాలు తీశాను. నాకు నాన్న మాటే సబబనిపించింది. సోమవారం దాకా.

సోమవారం షెడ్డులో ఒకావిడ పెట్టెలకెత్తుతూ చెప్పింది, ఇంట్లో కుళాయి రాని పిల్లల్ని ప్రభుత్వం వాళ్ళు తీసుకుపోతున్నారట. బడిలో టీచర్లు పిల్లల్నే అడిగి పేర్లు రాసుకుంటున్నారట. పుకారని తర్వాత తెలిసింది. అలా ఏ ఒక్క పిల్లనీ ఎవరూ తీసుకుపోలేదు. కానీ ఆ రోజు నా చేతుల్లోంచి నారింజలు జారిపోయాయి. బడి తెరవడానికి ఇంకా వారమే ఉంది.

ఇంటికి రాగానే ఇట్సెల్‌ని పీచ్ చెట్టు నీడలో కూచోబెట్టి జడ వేస్తూ నేర్పాను.

"టీచరు మీ ఇంట్లో నీళ్ళొస్తాయా అని అడిగితే ఏం చెప్తావు?"

"రావని."

"కాదు. వస్తాయని చెప్పాలి."

"కానీ రావుగా."

"వస్తాయని చెప్పాలన్నాను. కుళాయి తిప్పితే వస్తాయి. రోజూ ఇంట్లోనే స్నానం చేస్తాను. చెప్పు."

అది చెప్పింది. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. తర్వాత తల వెనక్కి తిప్పి నా మొహంలోకి చూసి, "ఇంటి భాషలో చెప్పనా, బడి భాషలో చెప్పనా?" అని అడిగింది.

జడ చివర రిబ్బను కడుతూ తలెత్తితే, మిరప సాలు చివర చిప్ప పట్టుకుని నాన్న నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి ఉన్నాడో. చిప్పలో నీళ్ళు మొక్క మొదట్లో నెమ్మదిగా పోసి, లోపలికి వెళ్ళిపోయాడు.

పొద్దుగూకేవేళ నికానోర్ ట్రక్కు దిగుతుంటే ఎదురెళ్ళాడు.

"మీ బండి ఎప్పుడొస్తుంది?"

"నిజంగా అపా?"

"ఎప్పుడొస్తుందని అడిగాను."

మర్నాడు పొద్దున ఆయన శుభ్రమైన చొక్కా తొడుక్కుని చాయో ఇంటికి వెళ్ళాడు. పక్కింటికి అలా ముస్తాబై వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. కంచె ఇవతల నుంచి ఆవిడ గొంతే నాకు వినపడింది.

"అయ్యో, దీనికి నా అనుమతేంటండీ? పసిపిల్ల ఉన్న ఇల్లు. వేయించుకోండి, హాయిగా వేయించుకోండి. నాకెంత కావాలి, కాఫీకి గిన్నెడు, మేకలకి బకెట్టు. ఏంటా మొహం? చావింటికి వచ్చినట్టు వచ్చారేం!"

బండి సెప్టెంబరు చివర్లో వచ్చింది. వచ్చే ముందు రోజు నికానోర్ పెరడంతా కొలిచాడు. అంత పెద్ద బండి నిలబడాలంటే తోటలోనే నిలబడాలి. తోటలోకి రావాలంటే పీచ్ చెట్టు పోవాలి. అటు కొలిచాడు, ఇటు కొలిచాడు. నాకైతే తెలుస్తూనే ఉంది, ఎన్నిసార్లు కొలిచినా చెట్టు జరగదు.

ఇట్సెల్ బడికి వెళ్ళాకే పని మొదలుపెట్టాలని నాన్న అన్నాడు. నికానోర్ మర రంపం తెచ్చి దాన్ని పట్టుకునే నిలబడ్డాడు. నాన్న తన చేతిరంపంతో కింది కొమ్మలు ఒక్కొక్కటే కోశాడు. కోసిన కొమ్మల్ని కంచె వారగా, ఆకులు నలగకుండా పేర్చాడు. కాండం దాకా వచ్చేసరికి మోకాలు ఒంగలేదు. నేల మీద కూలబడి, "ఇంక నువ్వు కానియ్" అన్నాడు. నికానోర్ ఒక్క నిమిషంలో కానిచ్చాడు.

మధ్యాహ్నం ఇట్సెల్ బడి సంచీతో వచ్చి, పెరటి గుమ్మంలో ఆగిపోయింది. తోటలో గోపురం నిలబడి ఉంది. మామ ఎత్తు మీంచి చెయ్యి ఊపాడు. అది రెండు చెవులూ మూసుకుని తాత కోసం వెతికింది. ఆయన ఇంటి ముందు వైపు, రోడ్డుకేసి తిరిగి కూచున్నాడు. వెళ్ళి ఆయన ఒళ్ళో మొహం దాచుకుంది. చెట్టు గురించి ఒక్క మాట అడగలేదు. అడుగుతుందని నేను రోజంతా జవాబు తయారుచేసుకున్నాను. అక్కర్లేకపోయింది.

నీళ్ళు పడ్డాయి. వీధి వీధంతా వచ్చి చూసింది. ఎవరో చప్పట్లు కొట్టారు. చాయో అందరికంటే ముందు నిలబడి, "నా వంక చూడకండి దోన్ ఇలారియో, నీళ్ళవంక చూడండి!" అని వేళాకోళమాడింది. నికానోర్ మొట్టమొదటి బకెట్టు పట్టి నాన్న ముందు పెట్టాడు. నాన్న వాడి బురద భుజం మీద చెయ్యి వేసి, రెండుసార్లు తట్టాడు. వాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. వాడి కళ్ళు నిండాయి.

ఆ వారం మేమంతా పిచ్చివాళ్ళలా స్నానాలు చేశాం.

అక్టోబరు నెల సగం గడిచిందో లేదో, చాయో దండెం మీద బట్టలు కనపడ్డం మానేశాయి. ముందు గమనించింది నాన్నే. కంచె దగ్గర నిలబడి పిలిచాడు. ఆవిడ బయటికొచ్చి, "ఒంట్లో బాగుండక ఉతకలేదండీ" అంది. మేకలు మాత్రం అబద్ధమాడలేదు. ఖాళీ తొట్టిని కొమ్ములతో కొడుతున్నాయి.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు నాన్న.

"మొన్న దగ్గింది. నిన్న ఇసక కక్కింది. ముసలిదైపోయింది లెండి, నాలాగే."

నాన్న అప్పటికప్పుడు మా కుళాయికి గొట్టం తగిలించి కంచె అటు వేశాడు. ఆవిడ కొన్నాళ్ళు పట్టుకుంది. కానీ ఇంతకుముందులా కబుర్లు లేవు. ఆవిడ పట్టుకున్నంతసేపూ నాన్న లోపలే ఉండేవాడు, ఆవిడ పట్టుకుని వెళ్ళాకే బయటికి వెళ్ళేవాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఇద్దరికీ కష్టమైపోయింది.

"ఆవిడ బోరు ఎలాగూ పోయేదే అపా. వీధిలో అందరివీ పోయాయిగా. మనదాని వల్లేనని ఎవరు చెప్పగలరు?" అన్నాడు నికానోర్.

"పోయేదే కావచ్చు" అన్నాడు నాన్న.

నవంబరు మొదట్లో ఫ్రెస్నో నుంచి చాయో కూతురు వచ్చింది. మేకలు అమ్మేశారు. సామాను ఎక్కించాక చాయో మా గుమ్మంలోకి వచ్చి, ఇట్సెల్‌ని ముద్దుపెట్టుకుని, నన్ను కావిలించుకుని, నాన్న ఎదుట నిలబడింది.

"ఎవరో ఒకరిది లోతుగా ఉండాలి కదండీ దోన్ ఇలారియో. ఎవరో ముక్కూమొహం తెలియనివాడిది కంటే, మీది కావడమే నాకు నయం."

ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. తిట్టినా ఆయన ఓర్చుకునేవాడేమో.

పెరట్లో బండి కక్కిన బూడిద బురద ఎండి, పెంకులా బిగిసింది. గునపం దిగేది కాదు. శీతాకాలం ఆకుకూరలు వేద్దామని నేను నారు తెచ్చాను. రెండు రోజులు గుమ్మంలో ఉంచి, చివరికి నేనే డబ్బాల్లో నాటాను. నాన్న ఇంటి ముందు కుర్చీలో కూచునేవాడు. ఇట్సెల్ బడి నుంచి వచ్చి ఆయన పక్కన కాసేపు కూచుని, లోపలికొచ్చి టీవీ పెట్టుకునేది. ఇద్దరూ కలిసి చేసే పని ఏమీ లేకపోయింది. దాని నోట్లో రోజురోజుకీ బడి మాటలే ఎక్కువవుతున్నాయి. తాతతో ఏదైనా చెప్పాలంటే మాట కోసం వెతుక్కుని, దొరక్కపోతే, "ఏం లేదులే" అనేసేది.

ఒక ఆదివారం భోజనం చేస్తూ నాన్న అన్నాడు. "సరిహద్దు అవతల మిచోఆకాన్‌లో, మన సొంతూళ్ళో మీ అత్త ఒక్కతే ఉంటోంది. చలికాలం అక్కడ గడుపుదామనుకుంటున్నాను."

"చలికాలమంటే ఎన్నాళ్ళు అపా?" అన్నాను.

"చలికాలమంటే చలికాలమే."

నికానోర్ తినడం ఆపాడు. నేను ఆపలేదు. ఆపితే ఏడుస్తానని తెలుసు.

ఇట్సెల్ ఇంగ్లీషులో గబగబా ఏదో అడిగింది. ఆయన నా వైపు చూశాడు. అయిదేళ్ళలో మొదటిసారి, వాళ్ళిద్దరి మధ్యా నేను మాట అందించాల్సి వచ్చింది.

"తిరిగొస్తావా అని అడుగుతోంది" అన్నాను.

"వస్తానని చెప్పు" అన్నాడు. ఆ మాట దానికి నేరుగా చెప్పడం ఆయనకి వచ్చు. అయినా నన్నే చెప్పమన్నాడు.

బస్సు పొద్దున్నే. నికానోర్ పని బట్టల్లోనే మమ్మల్ని తీసుకెళ్ళి దించాడు. ఇట్సెల్ చలికోటులో చేతులు దూర్చుకుని, టికెట్టు కిటికీ దగ్గర పిల్లి కనపడితే దాని వెనకాల తిరుగుతోంది. డ్రైవరు పెట్టెలు లోపలికి తోస్తున్నాడు. నాన్న మెట్టు మీద కాలు పెట్టాక నికానోర్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"అపా. మీరు ఊఁ అంటే ఆ బోరు మూసేస్తాను. ఇవాళే."

నాన్న వాడి వైపు తిరిగాడు. ఆ నెలల్లో వాడి మొహం అంతసేపు చూడటం అదే మొదటిసారి.

"మూసేస్తే ఆవిడ బోర్లోకి నీళ్ళు తిరిగొస్తాయా?"

నికానోర్ నేల చూపులు చూశాడు. "రావు."

"అయితే తాగండి" అన్నాడు నాన్న. "పారబొయ్యకండి."

ఇట్సెల్‌ని పిలిచి నుదుటి మీద వేలితో శిలువ గీసి, మెట్లు మెల్లగా ఎక్కి, అవతలి వైపు కిటికీ దగ్గర కూచున్నాడు. మాకు ఆయన టోపీ మాత్రమే కనపడింది. ఆ చలికాలం పోయింది, తర్వాత చాలా చలికాలాలు వచ్చాయి. ఆయన రాలేదు.

బస్సు వెళ్ళాక నికానోర్ ఇట్సెల్‌ని బడి దగ్గర, నన్ను ఇంటి దగ్గర దించాడు. "నువ్వు ఇవాళ పనికి వెళ్ళకపోతేనేం?" అన్నాను.

"వెళ్ళాలి. నా కోసం చూస్తుంటారు" అన్నాడు.

"ఎక్కడ పని?"

వాడు ట్రక్కుని రోడ్డెక్కించకుండా మా వీధిలోనే ముందుకి పోనిచ్చాడు. గుమ్మంలో నిలబడి చూశాను. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల, ఇద్దరు చంటిపిల్లలున్న వాళ్ళ పెరట్లో, బండి గోపురం అప్పటికే లేచి ఉంది.